గోడ సాంచెలాయన

నేను కథలు రాయడం కంటే ముందు చెప్పడం నేర్చుకున్నాను. దానికి కారణం కరెంటు. భివండిలో నేను పనిచేసిన కార్ఖానాలో కరెంటు పోతే సాంచెలన్నీ ఒక్కసారి ఆగేవి. సాంచె అంటే మరమగ్గం. పొద్దంతా ఆ చప్పుడులో నిలబడిన చెవులకు చప్పుడు లేకపోవడం ఇబ్బందిగా ఉండేది. ఎవరో ఒకరు "ఏదన్న చెప్పరాదే" అనేవారు. నేను చెప్పేవాణ్ణి. కరెంటు వచ్చేదాకా కథ నడిచేది. రాగానే అందరూ లేచి ఎవరి సాంచెల దగ్గరికి వాళ్లు పోయేవారు. అందుకే నేను చెప్పిన కథల్లో చాలావాటికి చివర లేదు.

ఇంటికి పోయాక నా భార్య అడిగేది, "తర్వాత ఏమైంది?" అని. ఆమె కోసం చివరలు కల్పించాను. అట్లా కల్పించినవే పెరిగి, చాలా ఏళ్ల తర్వాత, ఒక నవల అయ్యాయి. ఆమెకు చదువు రాదు. రాసిందంతా చదివి వినిపించాను. విని ఒక్క ప్రశ్న వేసింది. "గీ ఇంటోళ్లకు చెప్పినవా?"

నవలలో ఒక అధ్యాయం ఆమె అక్క సంసారం గురించి. పేర్లు మార్చానని చెప్పాను. "పేర్లు మారిస్తె మనుషులు మారుతరా? పోయి అడుగు, లేకుంటె తీసెయ్యి" అంది. అడిగే ధైర్యం లేక తీసేశాను. పది రోజులు ఆమెతో సరిగా మాట్లాడలేదు. నవల అచ్చయ్యాక చదివిన ఒకాయన, మధ్యలో ఏదో తగ్గినట్టుంది అని ఉత్తరం రాశాడు. ఆ ఉత్తరం కూడా ఆమెకు చదివి వినిపించాను. "తగ్గితె తగ్గనియ్యి" అంది.

నవల వచ్చిన తర్వాత భివండిలోనే కామత్‌ఘర్‌లో ఉన్న మా గదికి రాసేవాళ్లు రావడం మొదలైంది. సాంచెలు శుక్రవారం బంద్ ఉంటాయి కాబట్టి శుక్రవారం మధ్యాహ్నం కూర్చునేవాళ్లం. ఒక ఆటో డ్రైవరు, ఒక దర్జీ, ఇద్దరు ముగ్గురు సాంచెల పనివాళ్లు. రాసుకొచ్చింది చదివేవారు. నా భార్య చాయ్ పోసి గుమ్మం దగ్గర కూర్చుని వినేది. అందరినీ అదే ప్రశ్న అడిగేది. "గిది ఎవ్వరి ఇల్లు? వాళ్లకు చెప్పినవా?" దర్జీ నవ్వేవాడు. "వదినె దగ్గర కథ పాస్ గావాల్నంటె పంచాయతీ సంతకం గావాలె" అనేవాడు.

నిరుడు వానాకాలంలో ఆమె పోయింది. ఎనిమిది నెలలు ఎవరినీ రానివ్వలేదు. చాయ్ పెట్టడం నాకు రాదని సాకు చెప్పాను.

మళ్లీ మొదలుపెట్టించింది ఒక అమ్మాయి. ధామన్కర్ నాకా చౌరస్తా దగ్గర మందుల దుకాణంలో పనిచేస్తుంది. చదివింది మరాఠీ బడిలో. తెలుగు అక్షరాలు మాత్రం చర్చిలో బైబిలు చదవడం కోసం నేర్చుకుంది. ఒక శుక్రవారం తలుపు కొట్టి, గుమ్మం బయటే నిలబడి అంది, "కాకా, ఇంకెన్నాళ్లు బంద్ వెడ్తవ్? సాంచెలన్న వారంల ఒక్క రోజే బంద్ ఉంటయ్."

చేతిలో నోటు పుస్తకం ఉంది. లోపలికి రమ్మన్నాను.

ఆమె తండ్రి నాకు తెలిసిన మనిషే. నేను పనిచేసిన కార్ఖానాలోనే గోడ పక్కన నాలుగు సాంచెలు నడిపేవాడు. నాకంటే చిన్నవాడు, అప్పటికింకా అక్కడే ఉన్నాడు. కథ ఆయన గురించి. ఆయనకు కళ్ల జబ్బు. హిందీలో కాలా మోతియా అంటారు, మన దగ్గర నీటికాసులు. చూపు పక్కల నుంచి తగ్గుతూ వస్తుంది. ఎదురుగా ఉన్నది కనిపిస్తుంది, అటూ ఇటూ ఉన్నది కనిపించదు. పోయిన చూపు ఇక రాదని, ఉన్నదాన్ని చుక్కల మందుతో కాపాడుకోవాలని డాక్టరు చెప్పాడు. ఆ చుక్కల మందు సీసా కూతురే దుకాణం నుంచి తెస్తుంది.

సాంచెలు నడిపేవాడు ఒకటి చూస్తూనే మిగతా మూడింటి మీదా కన్ను ఉంచాలి. అటూ ఇటూ పరిగెత్తే కొయ్య నాడె మోసుకుపోయే పేక పోగు తెగితే సాంచె దానంతట అదే ఆగుతుంది. నిలువుగా సాగే పడుగు పోగు తెగితే ఆగదు, బట్ట పాడవుతూ పోతుంది. అది కంటితోనే పట్టుకోవాలి. ఆయన అరచేతితో పట్టుకునేవాడు. నడుస్తున్న బట్ట మీద చెయ్యి మెల్లగా జరిపి, పోగు లేని చోటును వేళ్లతో గుర్తుపట్టేవాడు. పక్క సాంచెల పనివాడికి ఈ సంగతి తెలుసు. అటుగా పోతూ ఆయన భుజం నొక్కేవాడు. ఒకటి నొక్కితే మొదటి సాంచె, రెండు నొక్కితే రెండోది. ఆ చప్పుడులో మాట వినపడదు కాబట్టి అదే మాట. అట్లా రెండేళ్లు గడిపారు. కార్ఖానా యజమాని సేటుకు తెలియదు. తెలిస్తే ఆ నాలుగు సాంచెలు పోతాయి. అవి పోతే యాభై నాలుగేళ్ల మనిషికి, ఆ చూపుతో, ఈ ఊళ్లో ఇంకొకరు పనివ్వరు.

మొదటిసారి రాసినప్పుడు కథలో ఇవేవీ లేవు. తండ్రి త్యాగం, కూతురి కన్నీళ్లు ఉన్నాయి. నేను చాలా కొట్టేశాను. నువ్వు చూసిన వస్తువులు పెట్టు, ఏడుపు చదివేవాళ్లకు వదిలెయ్యి అని చెప్పాను. ఆమె అప్పుడే అడిగింది.

"నిజమైనయి పెడ్తె గుర్తువడ్తరు గద కాకా?"

"పేరు మార్చు. ఊరు మార్చు. సరిపోతది" అన్నాను.

ఇంతకంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటి ఉంది. గుమ్మం దగ్గర ఎవరూ లేరు. నాకు గుర్తు రాలేదు.

ఆమె నా మాట ప్రకారమే చేసింది. పేరు మార్చింది. భివండిని సూరత్ చేసింది. చర్చి తీసేసింది. కూతురిని కొడుకు చేసింది. నేను చెప్పినట్టే వస్తువులు కూడా పెట్టింది. గోడ పక్క సాంచెలు, గోడ మీద తేమ మరక, మూడో సాంచె కాలు కింద ఇటుక. ఆ ఇటుక నాకు తెలుసు. నేల దిగబడిందని ఎవరో పెట్టారు, అది అట్లాగే ఉండిపోయింది. ఒకసారి నా కాలి వేలికి తగిలి గోరు ఊడింది. కథలో దాన్ని చూసి నాకు సంతోషమైంది. అంచులో పెన్సిలుతో "ఇటుక బాగుంది" అని రాశాను. ఆ కాగితం ఇంకా నా దగ్గరే ఉంది.

ఇక్కడ బయటివాళ్లకు ఒక సంగతి చెప్పాలి. కార్ఖానాలో మాకు పేర్లు ఉండవు. పిలిచినా వినపడదు కాబట్టి ఎవరూ పిలవరు. మనిషి ఏ సాంచెల దగ్గర నిలబడితే అదే అతని పేరు. కిటికీ సాంచెలాయన, మురుగు కాలువ పక్కనైతే మోరీ సాంచెలాయన. కథలు చెప్పక ముందు నేను తలుపు సాంచెలాయనను. బజారులో భార్యల్ని కూడా అట్లాగే అంటారు. ఎవరింట్లోనైనా పెళ్లి పత్రిక వస్తే అందులో అసలు పేరు చూసి, "ఈయనెవ్వరే?" అని అడగడం మామూలే. మోరీ సాంచెలాయన అని చెబితే, "ఔనా, గట్ల చెప్పరాదు" అంటారు.

ఇది తెలియనివాడు పేరు మారిస్తే చాలని సలహా ఇచ్చాడంటే అర్థముంది. నేను అక్కడ ఇరవై ఎనిమిదేళ్లు ఉన్నాను.

కథను ఒక వారపత్రికకు పంపాం. రెండు నెలలకు అచ్చయింది. అచ్చయ్యాక పత్రిక తండ్రి చేతిలో పెట్టాలని ఆమె ఆశ. అందుకే ఆయనకు ముందుగా ఏమీ చెప్పలేదట. అది కూడా తర్వాతే తెలిసింది. ఆమె పత్రిక ఇంటికి తీసుకుపోయేలోపే ఎవరో ఆ పేజీలు ఫోనులో ఫోటో తీసి మా ఊరి తెలుగువాళ్ల గ్రూపులో పెట్టారు. మన బిడ్డ రాసింది, అందరూ చదవండి అని. మంచి మనసుతోనే పెట్టారు.

మూడో రోజు సేటు నుంచి ఫోను వచ్చింది.

"ఓ కతలాయనా, జర కార్ఖానకు వచ్చిపో."

సేటు మా వైపువాడే. వాళ్ల నాన్న కూడా ఒకప్పుడు సాంచెలు నడిపినవాడు. ఆఫీసు కార్ఖానా లోపలే, మెట్ల పైన, అద్దాల గది. కింద సాంచెలన్నీ కనిపిస్తాయి. పోగానే చాయ్ చెప్పాడు. ఫోనులో కథ తెరిచి ఉంది.

"సూరత్ అట! మన ఇటుక సూరతుకు ఎప్పుడు పోయిందే?" అని పెద్దగా నవ్వాడు.

నేనూ నవ్వాను. ఆయన సంతోషంగానే ఉన్నాడు. "పొల్ల మంచిగ రాసింది. మా ఇంట్ల అందరు చదివిండ్రు. మన కార్ఖానల నుంచి ఇద్దరు రాసేటోళ్లు ఎల్లిండ్రంటె మాటలా?" అన్నాడు. చాయ్ వచ్చింది. కప్పు నా వైపు జరిపి, అదే గొంతుతో అడిగాడు.

"కండ్లది గూడ నిజమేనా?"

కరెంటు పోయినప్పుడల్లా గంటల తరబడి లేని మనుషుల్ని పుట్టించి, నడిపించి, చంపినవాణ్ణి. ఆ రోజు ఒక్క మాట కావాల్సి వచ్చింది. కాదు, అది కల్పించింది అని చెబితే సరిపోయేది. నాకు రాలేదు. ఆయన ముఖం చూస్తూ కూర్చున్నాను. కొంతసేపటికి, "కథ గద సేటు. కథల గట్లనే రాస్తరు" అన్నాను.

"కథైతె గింత సేపు ఎందుకు సోంచాయించినవ్?"

ఆయన లేచి అద్దం దగ్గరికి పోయాడు. నన్నూ రమ్మన్నాడు. కింద గోడ పక్కన అమ్మాయి తండ్రి మూడో సాంచె మీద వంగి, బట్ట మీద చెయ్యి జరుపుతున్నాడు. మేము చూస్తుండగానే పక్కవాడు వెనక నుంచి పోతూ భుజం రెండుసార్లు నొక్కాడు. ఆయన రెండో సాంచె వైపు తిరిగాడు.

"ఇన్నొద్దులు నేను గది దోస్తానా అనుకున్న" అన్నాడు సేటు.

"దోస్తానే సేటు."

"కాదన్ననా?" అన్నాడు. "నాడె ఎగిరిందనుకో. పక్కకెల్లి వచ్చేది ఆయనకు అగుపడది. తలకు తగిలి పడ్డడనుకో. జవాబెవ్వరు? నేను. గది గూడ రాస్తరు మీరు, మంచిగ."

ఆయన అన్నదాంట్లో తప్పు పట్టడానికి నాకు ఏమీ దొరకలేదు. ఇప్పటికీ దొరకలేదు. ఆయన చెడ్డవాడైతే నాకు తేలికగా ఉండేది.

సేటు ఆయనను వెంటనే పొమ్మనలేదు. సాంచెల మీద ఎక్కి ఉన్న బీములు అయిపోయేదాకా నడుపుకొమ్మన్నాడు. బీమంటే పడుగు నూలు చుట్టిన పెద్ద దూలం లాంటిది. ఎక్కించినవాడే దాన్ని దించాలి అన్నది మా దగ్గర మర్యాద. నాలుగు సాంచెల మీదా నాలుగు బీములు, ఒక్కొక్కటి ఒక్కో రోజు అయిపోయింది. అయిపోయిన సాంచెకు కొత్త బీము ఎక్కించి వేరేవాడికి ఇచ్చారు. ఆయనకు మూడు సాంచెలు మిగిలాయి. తర్వాత రెండు. చివరికి ఇటుక ఉన్న సాంచె ఒక్కటి. ఆ చివరి బీము ఉన్నన్ని రోజులు, పోగు తెగకపోయినా తెగిందని సాంచెను మాటిమాటికి ఆపేవాడని పక్క సాంచెల పనివాడు నాకు చెప్పాడు. "ఎంత ఆపినా అయిపోతది గదే" అన్నాడు.

ఆ రోజుల్లో నేను చేసినవి కొన్ని ఉన్నాయి. సేటు దగ్గరికి మళ్లీ రెండుసార్లు పోయాను. తాకాలు, అంటే నేసిన బట్ట చుట్టలు, మడిచే పనైనా ఇవ్వమన్నాను. అక్కడ బట్టలో తప్పులు చూడాలి, కళ్లు కావాలి అన్నాడు. నిజమే. తెలిసిన వేరే కార్ఖానాలు నాలుగు తిరిగాను. మూడో చోట లెక్కలు చూసే మెహతాజీ నా మాట పూర్తి కాకముందే, "గోడ సాంచెలాయనా? పేపర్ల వచ్చినాయనే గద? మస్తు రాసిండ్రు" అని మెచ్చుకున్నాడు. నాలుగో చోట నేనే లోపలికి పోలేదు.

అమ్మాయి శుక్రవారాలకు రావడం మానేసింది. రెండు వారాలు చూసి, బీపీ గోలీలు అయిపోయాయని దుకాణానికి పోయాను. ఇంకా ఉన్నాయి. కౌంటరు ముందు జనం. చీటీ తీసుకుని, గోలీల పట్టీ తీసి, కత్తెరతో కత్తిరిస్తూ తల ఎత్తకుండా మాట్లాడింది.

"నువ్వు చెప్పినవని నేన్ అంటలేను కాకా. రాసింది నేను."

"తప్పు నాది బిడ్డా."

"పేరు మార్చిన. బాపును పేరు వెట్టి పిలిచినోడు కార్ఖానల ఒక్కడన్న ఉన్నడా?" పక్కనున్న ఆవిడకు మరాఠీలో ఏదో చెప్పి మళ్లీ నా వైపు తిరిగింది. "నాకు తెల్వది. నేను లోపలికి ఎన్నిసార్లు పోయిన? అన్నం డబ్బ ఇచ్చి వచ్చుడే గద. నువ్వు గాడనే ఉంటివి గద."

గోలీలు కవరులో వేసి ఇచ్చింది. "తిన్నంక ఏసుకో" అంది. అందరికీ చెప్పినట్టే చెప్పింది.

రాయడం మానకు అని చెప్పడానికి పోయాను. చెప్పలేదు. ఏ ముఖంతో చెప్పాలో తెలియలేదు. వరాలా తలావ్ చెరువు పక్క నుంచి నడిచి ఇంటికి వచ్చాను. ఆటో ఎక్కితే తొందరగా వచ్చేస్తానని నడిచాను.

ఒక మంగళవారం మధ్యాహ్నం అమ్మాయి తండ్రే మా గదికి వచ్చాడు. శుక్రవారం దాకా ఆగాల్సిన పని ఆయనకు ఇప్పుడు లేదు. మెట్లెక్కి వచ్చి, చాప మీద కూతురు కూర్చునే చోటే కూర్చున్నాడు. చొక్కా జేబులోంచి మడత పెట్టిన పత్రిక పేజీలు తీశాడు.

"అన్నా, జర చదువు. బిడ్డ చదువుతలేదు. నాకా అక్షరం రాదాయె. అందరు చదివిండ్రు, నేనే చదవలే."

గల్లీలో సాంచెలు నడుస్తున్నాయి. పెద్దగా చదవాల్సి వచ్చింది. ఆయన వినలేదు, నా పెదవులు చూశాడు. సాంచెల పనివాళ్లకు ఆ అలవాటు ఉంటుంది. ఎదురుగా ఉన్నది ఆయనకు ఇంకా కనిపిస్తుంది. ఇటుక దగ్గర నవ్వాడు. అరచేయి బట్ట మీద జరిపే చోట తన చెయ్యి చూసుకున్నాడు. భుజం నొక్కే చోట చెయ్యెత్తి ఆపాడు.

"నాలుగోదానికి నాలుగు నొక్కుడు గాదు. వీపు మీద ఒక్కటి గుద్దుడు. నాలుగు లెక్కవెట్టేదాంక పోగు ఆగుతదా? బిడ్డకెట్ల తెలుస్తది." చెయ్యి దించి అన్నాడు, "నన్ను అడిగితె చెప్తుంటి."

చదవడం కష్టమైంది. చివరిదాకా చదివాను. కథలో ఆయన సాంచెల దగ్గరే ఉంటాడు. పక్కవాడు భుజం నొక్కుతాడు, ఆయన తిరుగుతాడు. అంతే.

"సేటుకు తెల్వదా దీన్ల?" అని అడిగాడు.

"తెల్వదు."

"మంచిగున్నది. గట్లనే ఉండనియ్యి." పేజీలు తీసుకుని మడతల మీదే మళ్లీ మడత పెట్టాడు. "బిడ్డకు జర చెప్పు, రాసుకొమ్మని. నేను చెప్తె వింటలేదు. నీ మాటైతె వింటది."

నా మాట విన్నందుకే కదా ఇట్లా అయింది అని అనలేదు. సరే తమ్మీ అన్నాను.

చెప్పలేకపోయాను కాబట్టి ఇది రాశాను. ఈసారి ముందుగా అడిగాను. ఆయనకు మొత్తం చదివి వినిపించాను. సాంచెల జాగా మార్చమన్నాడు, మార్చాను. ఇక్కడ గోడ అని ఉన్నది గోడ కాదు, ఇటుక అని ఉన్నది ఇటుక కాదు. అందరికీ తెలిసిపోయాక మార్చి లాభం ఏమిటో ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు. తర్వాత కాగితాలు ఆయన చేతికే ఇచ్చి కూతురికి పంపాను. ఇష్టం లేకపోతే చింపెయ్యమని చెప్పమన్నాను.

పది రోజుల తర్వాత ఆయన వాటిని తిరిగి తెచ్చాడు. సాయంత్రమవుతోంది. చింపలేదు. మందుల దుకాణం గురించి రాసిన చోట ఒక పేరా మొత్తం కొట్టేసి ఉంది, స్కేలు పెట్టి గీసినట్టు. దాని చివర ఆమె ఏడ్చిందని రాశాను. ఆమె ఏడవలేదు. అది నేను పెట్టింది. అంచులో ఏమీ రాయలేదు.

"ఏం రాసిందే?" అని అడిగాడు.

"ఏం రాయలే. ఒక్క కాడ కొట్టేసింది."

"కొట్టేసుడు గూడ రాసుడేనా?"

"తెల్వది తమ్మీ" అన్నాను. నిజంగానే తెలియదు.

ఆయన గోడ గడియారం వైపు తల పూర్తిగా తిప్పి చూశాడు. సాంచెల మీద పగటి పాళీ దిగి రాత్రి పాళీ ఎక్కే వేళ. లేచాడు.

"పోత అన్నా. యాళ్లయింది."

మెట్లు ఇరుకు, ఒక వైపు పట్టుకోవడానికి ఏమీ లేదు. వెనకే పోయి భుజం మీద చెయ్యి వేశాను. "నొక్కకే, మెట్లు నాకు తెల్సు" అన్నాడు. చెయ్యి తీసేశాను. కిందికి దిగి గల్లీలో నిలబడ్డాడు. వాళ్ల ఇల్లు కుడి వైపు. ఆయన ఎడమకు, కార్ఖానా వైపు తిరిగి, పాళీకి పోతున్నట్టే నడిచాడు.

పిలవాలనుకున్నాను. పిలిస్తే ఆ చప్పుడులో వినపడదు.